వాయకూ వాయకూ నడుమ

నరసింహులు చెయ్యి గురించి మదనపల్లె పట్టుదారం షెడ్లలో ఒక వేళాకోళం ఉండేది. కొత్తగా పనికొచ్చినవాడి చెయ్యి ఎర్రగా ఉంటుందనీ, పాతవాడి చెయ్యి తెల్లగా నాని ఉంటుందనీ, నరసింహులు చెయ్యి మాత్రం బేసిన్‌లో మరిచిపోయి ఇంటికి వెళ్ళినా అది దారం తీస్తానే ఉంటుందనీ అనేవాళ్ళు. విని అతను నవ్వేవాడు కాదు, కోప్పడేవాడూ కాదు. లోపల మాత్రం కాస్త బాగానే ఉండేది.

తొంభయ్యారో తొంభయ్యేడో, ఆ రోజుల మాట. గోవిందప్ప షెడ్డు బెంగుళూరు రోడ్డు పక్క సందులో ఉండేది. రేకుల కప్పు. వరసగా మట్టిపొయ్యిలు, ఒక్కో పొయ్యి మీద ఒక వెడల్పాటి బేసిన్, అందులో మరిగే నీళ్ళు. గంపలోంచి పట్టుగూళ్ళు తీసి ఆ నీళ్ళలో పోస్తారు. అవి ఉడికి మెత్తబడ్డాక పుల్లతో కలియబెడితే పోగులు పైకి తేలుతాయి. ఆ పోగుల్ని వేళ్ళతో పట్టి, కొన్నింటిని కలిపి ఒక దారంగా చరకాకు అందిస్తే, చరకాను మోటారు తిప్పుతుంది. ఒక గూడు అయిపోగానే ఇంకో గూటి పోగును ఆ పారే దారానికే తగిలించాలి. కంటికి అంతగా ఆనేది కాదు ఆ పోగు. వేలికే తెలియాలి.

ఒకసారి పోసి ఉడికించిన గూళ్ళను వాయ అంటారు. ఉడికిన వాయను వదిలి లేవకూడదు. ఆరితే పోగు బిగుసుకుంటుంది, ఎక్కువ మరిగితే ముద్దవుతుంది. కాబట్టి వాయ పొయ్యి మీద ఉండగా ఎవరు పిలిచినా ఎవరూ లేవరు. దాన్ని తప్పు పట్టేవాళ్ళూ లేరు.

నరసింహులుది ఇంకొక అలవాటు. బేసిన్‌లో పాత గూళ్ళు కొన్ని తిరుగుతుండగానే అతని ఎడమచెయ్యి పక్కనున్న గంపలోకి పోయేది. దోసెడు గూళ్ళు తెచ్చి పోసేది. ఒక వాయ తెగకముందే ఇంకోటి అతుక్కునేది. పొద్దున కూర్చుంటే మాపు పొద్దుకు గానీ లేచేవాడు కాదు. భార్య ఇందిరమ్మ కట్టిచ్చిన సద్ది గిన్నెలోనే పులిసేది. ప్రతి పొయ్యి పక్కనా వేళ్ళు ముంచుకోను ఒక చన్నీళ్ళ ముంత ఉంటుంది. అతని ముంత ఎప్పుడూ బోర్లించి ఉండేది.

"చెయ్యంటే నరసింహులు చెయ్యప్పా," అని గోవిందప్ప వచ్చినవాళ్ళకల్లా చూపించేవాడు. "నీళ్ళకే బయం ఆ చెయ్యంటే."

పక్క పొయ్యి బయ్యమ్మది. కుప్పం నుంచి వచ్చిన మనిషి. చిన్నప్పటి నుంచీ ఈ పనే. వాయ అయిపోయిందంటే చేతులు కొంగుకు తుడుచుకొని బయట కానుగ చెట్టు కిందికి పోయేది. ఒక ఆకు వక్క నమిలి, ఉమ్మేసి, చేతులు తిప్పి చూసుకొని, అప్పుడు వచ్చి ఇంకో వాయ పోసేది.

"బయ్యమ్మక్క పెండ్లి సూపులకు పోతాండాది," అని మిగతావాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు.

"నా చేతులు మొగుడిచ్చినవి కాదు లేరా, మా యమ్మ ఇచ్చినవి," అనేది బయ్యమ్మ. "రెండే ఇచ్చింది ముదనష్టపుది."

నరసింహులు ఆమెను చూసి మనసులోనే లెక్కగట్టేవాడు. ఇంత పొద్దు వ్యర్థం గదా అని.

అతని వేళ్ళు ముందు పగిలాయి. తరవాత మొద్దుబారాయి. చొక్కా గుండీ పెట్టుకోలేక తంటాలు పడుతుంటే ఇందిరమ్మ వచ్చి పెట్టేది.

"యాలయ్యా, చేతులు ఇట్లయిపోయినాయి? రవంత సేపు లేసి బయటికి ఎలబారి రాగూడదా?"

"పని సేసే చెయ్యి అట్లే ఉంటాది."

అనేసి షెడ్డుకు బయలుదేరేవాడు. చౌడేపల్లె దగ్గర పల్లెలో అతని అన్న సిద్దప్ప ఉన్నాడు. చిన్నప్పుడే తల్లీతండ్రీ పోతే అన్నా, వదిన నారాయణమ్మా కలిసి పెంచారు. బోరులో నీళ్ళు అడుగంటినప్పుడు, ఇద్దరం మట్టి తినొద్దు, ఒకడన్నా పని నేర్చుకో అని ఇక్కడికి పంపిందీ ఆ అన్నే. ఆదివారం పోవాలి, వచ్చే ఆదివారం పోవాలి అనుకుంటూ నరసింహులు ఆ ఊరి దారి తొక్కి చాన్నాళ్ళయింది.

ఒకనాడు పొద్దున సిద్దప్ప కొడుకు హరీష్ షెడ్డులోకి వచ్చాడు. కాలేజీ ముగించి ఆవుల పని చూసుకుంటున్న పిల్లగాడు. చెప్పులు విప్పకుండానే వచ్చేశాడు.

"సిన్నాయనా, నాయినకు గుండెల్లో నొప్పొచ్చింది. పుంగనూరు ఆస్పత్రిలో ఏసినాము. నిన్నే అడగతాండాడు. లెయ్యి."

"వాయ పొయ్యి మింద ఉండాది హరీషూ. అయిపోతానే పోదాం."

హరీష్‌కు షెడ్డు సంగతి తెలుసు. తలుపు దగ్గర నిలబడ్డాడు. నరసింహులు వంచిన తల ఎత్తకుండా తీస్తున్నాడు. అన్న ముఖం గుర్తుకు తెచ్చుకోవాలనుకున్నాడు. దారం అడ్డమొచ్చింది. గూళ్ళు ఒక్కొక్కటే పలచబడి, లోపలి పురుగు నల్లగా కనబడి, మునిగిపోతున్నాయి. ఇంకొన్నే మిగిలాయి.

అప్పుడు అతని ఎడమచెయ్యి గంపలోకి పోయింది. దోసెడు గూళ్ళు తెచ్చి బేసిన్‌లో పోసింది.

పొయ్యమని చెప్పినవాడు లేడు. గోవిందప్ప ఆ పూట షెడ్డుకే రాలేదు.

"ఏంది సిన్నాయనా అది?" అన్నాడు హరీష్.

నరసింహులు బేసిన్ వైపు చూశాడు. తెల్లటి గూళ్ళు మరుగుతున్న నీళ్ళలో గుండ్రంగా తిరుగుతున్నాయి. పోసింది తనేనని అతనికీ అప్పుడే తెలిసింది.

"ఇదొక్కటి," అన్నాడు.

"పోసుకో. పోసుకుంటానే ఉండు," అని హరీష్ వెళ్ళిపోయాడు.

"ఒరే, లేసి పోరా," అంది బయ్యమ్మ. "నీ వాయ నేను తీస్తా. గూళ్ళు పోతే పోయినాయి, మనిషి దొరకతాడా?"

"వద్దులే అక్కా. అయిపోతాండాది."

అయిపోయాకే లేచాడు. చేతులు తుడుచుకోకుండా బస్సెక్కాడు.

పుంగనూరు ఆస్పత్రి వరండాలో మంచం మీద సిద్దప్పకు ముఖం దాకా దుప్పటి కప్పి ఉంది. నారాయణమ్మ గోడకు ఆనుకొని నేల మీద కూర్చుంది. మరిదిని చూసి లేవలేదు.

"వాకిలి కల్లే సూస్తా ఉండె మీ యన్న," అంది. "బస్సు హారన్ ఇనపడినప్పుడల్లా తల తిప్పె. వచ్చినాడా అనె. వస్తాండాడు అంటి. ఎన్నితూర్లని సెప్పేది అట్ల."

నరసింహులు మంచం దగ్గర కూలబడ్డాడు. దుప్పటి తీసి అన్న చెంప మీద చెయ్యి పెట్టాడు.

"సల్లబడిపోయినాడా?" అని అడిగింది వదిన. ఇంకా రవంత వేడి ఉందని ఎవరైనా అంటారేమోనన్న గొంతు అది.

అతను చెయ్యి అట్లాగే పెట్టి చూశాడు. వేళ్ళు మార్చి చూశాడు. గోడ మీద పెట్టినట్టే ఉంది. వేడీ తెలియలేదు, చల్లనా తెలియలేదు.

"తెలీలేదు వదినా," అన్నాడు.

చుట్టూ ఉన్నవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. హరీష్ వచ్చి అతని చెయ్యి తీసి పక్కన పెట్టి దుప్పటి కప్పాడు.

పాడె మోసినప్పుడు అతనికి ఏడుపు రాలేదు. కర్మ దినాల్లోనూ రాలేదు. ఊళ్ళో వాళ్ళు, టౌనుకు పోయినోడి గుండె గట్టిది అనుకున్నారు. కర్మ అయిన మర్నాడే వచ్చి పొయ్యి దగ్గర కూర్చున్నాడు. వదిన రమ్మనీ అనలేదు, పొమ్మనీ అనలేదు.

ఆ తరవాత ఇంకా ఎక్కువ తీశాడు. మిగతావాళ్ళు రాకముందే వచ్చేవాడు. వాళ్ళు పోయాక పొయ్యి ఆర్పేవాడు. కానీ దారం అతని మాట వినడం మానేసింది. పోగు అయిపోయిన సంగతి వేలికి తెలియడం లేదు. కళ్ళు చికిలించి వెతికేసరికి దారం సన్నబడేది. తొందరపడి తగిలిస్తే రెండు మూడు పోగులు కలిసి పడేవి.

ఒక సాయంత్రం గోవిందప్ప, చుట్టిన దారపు లడిని వెలుతురులో పట్టుకొని వచ్చాడు. మంచి మనిషే. కోపమొస్తే సామెతలు మాట్లాడతాడు.

"ఏం నరసిమ్ములూ, ఇది దారమా, కప్పల్ని మింగిన పామా? లావూ సన్నం, లావూ సన్నం. నేసేవోళ్ళు నా మొగాన కొట్టినారు."

నరసింహులు లడి అందుకొని వేళ్ళతో జరిపి చూశాడు.

"నీ చెయ్యి సూపించి యాపారం సేసినోణ్ణి నేను. ఈ నెలాకరు దాకా సూస్తా. అప్పటికీ ఇట్లే ఉంటే పొయ్యి ఇంకొకరికి ఇస్తా. నువ్వు కట్టెలు ఎగదోసుకో. ఏమనుకోవాకప్పా."

ఇంటికి పోయి ఇందిరమ్మకు చెప్పాడు. ఆమె చేటలో బియ్యం అట్లాగే పెట్టుకొని కూర్చుండిపోయింది. భయపడాలని నరసింహులుకూ తెలుసు. ఈ పని తప్ప ఇంకోటి రాదు. కానీ ఎంత తడుముకున్నా భయం దొరకలేదు. లోపలంతా నానిన చేతి మాదిరిగా ఉంది. బజారులో డాక్టరు చేతులు చూసి, కొన్నాళ్ళు నీళ్ళలో పెట్టకు అన్నాడు. సరే అని వచ్చి, మర్నాడు మళ్ళీ నీళ్ళలో పెట్టాడు.

ఇంకో రోజు పొద్దున షెడ్డులో అతని గంప కనబడలేదు. చూస్తే అవతల, తలుపు దగ్గర ఉంది.

"నేనే పెట్టినా," అంది బయ్యమ్మ. "గూళ్ళు కావాలంటే లేసి పో. నీ ఎడమసెయ్యి అంత పొడుగుందేమో నేనూ సూస్తా."

"పొద్దు పోతాది అక్కా."

"యాడికి పోతాది? మల్లా రేపు వస్తాది. నువ్వు నిప్పుకు ఓర్సుకునేది గొప్ప అనుకుంటాండావు. కట్టె గూడా ఓర్సుకుంటాది. మొబ్బోడా, వాయకూ వాయకూ నడుమ లెయ్యాల. కట్టుబాటు వాయకే గానీ నీకు కాదు."

ఆ వాయ అయిపోయే సమయానికి అతని ఎడమచెయ్యి అలవాటుగా పక్కకు పోయింది. నేల తగిలింది. అక్కడే కాసేపు తడుముకుంది. చూసినవాళ్ళు నవ్వారు. బయ్యమ్మ నవ్వలేదు. లేచి, అతణ్ణి రెక్క పట్టుకొని కానుగ చెట్టు కిందికి తీసుకుపోయింది.

"గమ్మున కూసో."

కూర్చోవడం అతనికి చేతకాలేదు. ఒళ్ళో ఉన్న చేతులు కదులుతున్నాయి. బొటనవేలూ చూపుడువేలూ లేని పోగును పట్టి లేని దారానికి తగిలిస్తున్నాయి.

"గాలిలోంచి తీస్తాండావా?" అంది బయ్యమ్మ. "తియ్యి, గోవిందప్పకు గూళ్ళ కర్సు మిగలతాది."

అప్పుడు బెంగుళూరు రోడ్డులో బస్సు హారన్ వినబడింది. నరసింహులు తల తిరిగింది. కాసేపటికి ఇంకో బస్సు. మళ్ళీ తిరిగింది. ఇన్నేళ్ళుగా ఆ బస్సులు ఆ రోడ్డులోనే పోతున్నాయి. మోటారు రొదలో అతను ఒక్కదాన్నీ విన్నది లేదు. వచ్చినాడా అనె. వస్తాండాడు అంటి. అతను లేచి నిలబడ్డాడు.

"నేను పోతా అక్కా. పొయ్యి ఆరతాది."

"ఆరనీ. కూసో."

కూర్చున్నాడు. ఎందుకు తను ఒక వాయకు ఇంకో వాయ అతికేవాడో అతనికి కొంత తెలిసినట్టుంది. నడుమ సందు ఉంటే దాంట్లోకి ఏదో ఒకటి వస్తుంది.

గోవిందప్పకు ఈ సంగతి తెలిసి కట్టెల కోసం అరిచాడు. "నువ్వు సెట్టు కింద కూసుంటే కట్టెలు ఊరికే మండతాండాయి గదప్పా. అవేమన్నా నీళ్ళలో దొరికినాయా?"

దానికీ బయ్యమ్మే దారి చూపింది. నరసింహులు వాయ ముగియగానే అతని పొయ్యిలో మండే కొరకంచులు లాగి తన పొయ్యిలోకి తోసింది. తన వాయ ముగిసినప్పుడు ఇటు తోసింది. ఆమె తీస్తుంటే అతను కూర్చున్నాడు, అతను తీస్తుంటే ఆమె కూర్చుంది. కట్టె దండగ కాలేదు. గోవిందప్ప కాసేపు నిలబడి చూశాడు.

"ముసల్దానివి, లాయరుకు పుట్టాల్సినదానివి," అనేసి పోయాడు.

అన్ని రోజులూ ఒక్కలాగా గడవలేదు. ఒకనాడు కుప్పం నుంచి వచ్చిన గూళ్ళు ఎక్కువ ముదిరి ఉన్నాయి. ఆలస్యమైతే పురుగు గూటిని కొరుక్కొని బయటికొస్తుంది, ఇంక పోగు రాదు. షెడ్డంతా ఉరుకులు. నరసింహులు గంపను మళ్ళీ పక్కకు లాక్కున్నాడు. వాయ మీద వాయ పోశాడు. బయ్యమ్మ పిలవలేదు, తిట్టలేదు. తన వాయ అయిపోగానే తను చెట్టు కిందికి పోయింది. సాయంత్రం ఆ రోజు లడిని అతనే వెలుతురులో పట్టి చూసుకున్నాడు. చూసి, పక్కన పెట్టి, గంపను మోసుకుపోయి తలుపు దగ్గర పెట్టి ఇంటికి పోయాడు.

ముందు చిటికెన వేలికి వచ్చింది. చీమలు పాకినట్టు. రాత్రి పడుకుంటే సూదులు గుచ్చినట్టు. చెడిపోతోందేమోనని ఇందిరమ్మకు చెప్పలేదు. ఇంకొన్నాళ్ళకు, ఒక పొద్దున కొత్త వాయలో వేళ్ళు పెట్టి పోగు పట్టబోయి, కేక పెట్టి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

షెడ్డంతా చరకాలు ఆపినంత పని చేశారు. "నరసిమ్ములు కాలినాడు రోయ్!" అని ఒకటే నవ్వు. "నీళ్ళు కాగినాయేమో సూడండప్పా!"

అతను చెయ్యి పట్టుకొని నిలబడ్డాడు. మంట మోచేతి దాకా పాకుతోంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బయ్యమ్మ తన ముంత అతని వైపు తోసింది. అందులో వేళ్ళు పెట్టాడు. ఆ సాయంత్రమే తన ముంతను తిప్పి నీళ్ళు పోసి పెట్టుకున్నాడు.

మునుపటంత దారం రాలేదు. వచ్చిందాంట్లో లావూ సన్నం తగ్గింది. గోవిందప్ప లడిని పట్టి చూసి, ఏమీ అనకుండా తీసుకుపోయాడు. నెలాకరు వచ్చింది, పోయింది. పొయ్యి మాట ఎవరూ ఎత్తలేదు. నరసింహులుకు సంతోషం కలగాలి. కాస్త కలిగిందేమో, అతనికే సరిగా తెలియలేదు.

ఏడాది తిరిగొచ్చింది. మధ్యాహ్నం అతను చెట్టు కింద సద్ది తిని కూర్చుని ఉండగా హరీష్ సందులోకి వచ్చాడు. నేరుగా షెడ్డు వైపు పోబోయి, చెట్టు కింద ఉన్నది తన చిన్నాయనేనని చూసి ఆగాడు.

"పని లేదా?" అన్నాడు. గొంతు పుల్లగానే ఉంది.

"ఉండాది."

"మరి?"

"కూసోనుండా."

హరీష్ షెడ్డు వైపోసారి చూశాడు. తరవాత చెప్పాడు. "రేపు నాయిన దివసం. అమ్మ సెప్పి రమ్మనింది. వస్తే రా, రాకుంటే లేదు."

నరసింహులు లేచి పంచె దులుపుకున్నాడు. షెడ్డు తలుపు దగ్గరికి పోయి లోపలికి తొంగి చూశాడు. బయ్యమ్మ వాయ మీద ఉంది. అతని బేసిన్ కింద బూడిద మాత్రమే ఉంది.

"అక్కా, పోయొస్తా."

"పో. నీ గూళ్ళేమీ గుడ్లు పెట్టవు," అంది ఆమె తల ఎత్తకుండా.

"రేపు గదా దివసం," అన్నాడు హరీష్.

"ఇప్పుడే వస్తా."

ఇద్దరూ బస్సెక్కారు. పుంగనూరులో బస్సు మారారు. అక్కడ ఆస్పత్రి గోడ దాటేటప్పుడు హరీష్ ఇంకో వైపు చూశాడు, నరసింహులు ఆ గోడ వైపే చూశాడు. చౌడేపల్లెలో దిగి పల్లెకు నడిచారు. చేలల్లో టమోటా నారు వేస్తున్నారు. ఇల్లు చేరేసరికి నారాయణమ్మ వాకిట్లో ఆవుకు మేత వేస్తోంది. మరిదిని చూసి, చేతిలో గడ్డి అట్లాగే పట్టుకొని నిలబడింది.

"వచ్చినావా."

"వచ్చినా వదినా."

అతను ఏదో చెప్పబోయాడు. ఆమె గడ్డి వేసేసి లోపలికి పోయింది. చెంబుతో నీళ్ళు తెచ్చింది. ఇంటికొచ్చిన మనిషికి ఇచ్చినట్టే ఇవ్వబోయి, ఎందుకో చెంబు అందించకుండా తనే వంచింది. అతను దోసిలి పట్టాడు. నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి జారి మట్టిలో పడ్డాయి.

"సల్లగా ఉండాయి వదినా," అన్నాడు.

"బాయి నీళ్ళు సల్లగా గాకుండా కాగతా ఉంటాయా?" అంది నారాయణమ్మ.

అతను దోసిలి తియ్యలేదు. ఆమె అతని ముఖం కేసి చూసింది, చేతుల కేసి చూసింది. చెంబు ఖాళీ అయింది. ఆమె పోయి ఇంకో చెంబు ముంచుకొచ్చింది.